సిర్ఫిడ్ ఈగలు: పోలికలు, భేదములు

శీతకాలమున ఉదయపు ఎండ కొంచెము పైకి వచ్చిన తరువాత, పూచిన ఆవ చేని గట్టు మీద అయిదు నిమిషములు నిలుచుండి చూచువారికి ఒక చిన్న వింత కనబడును. పసుపుపచ్చని పూలకు జానెడెత్తున ఒక చిన్న పురుగు, గాలిలో మేకు కొట్టి తగిలించినట్లు నిలిచి యుండును. ముందుకు పోదు, వెనుకకు రాదు. రెక్కలు ఆడుచున్నవో లేదో కంటికి తెలియదు. రెప్పపాటులో అది అక్కడ లేకుండ పోవును. రెండు గజముల అవతల మరల అట్లే నిలిచి యుండును. దాని పొట్ట మీద నలుపు, పసుపు పట్టెలు వరుసగా ఉండును. పిల్లవాడు చూచి కందిరీగ యని వెనుకకు జంకును. పెద్దవాడు చూచి తేనెటీగ యని ఊరకుండును. ఇరువురి మాటయు సరికాదు. అది ఈగ. మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు దానిని సిర్ఫిడ్ ఈగ యందురు.

పులితోలు కప్పుకొన్న గాడిద కథ మనమందరము చిన్ననాడే విన్నాము. ఆ గాడిద ఓండ్రపెట్టి చెడినది. ఈ ఈగ అంత తెలివితక్కువది కాదు. దీనికి కొండి లేదు, విషము లేదు, కరచుటకు పనికివచ్చు నోరును లేదు. అయినను కందిరీగ వేషము వేసికొని, పక్షులను బెదరించి, పట్టపగలు పూల మీద నిర్భయముగా తిరుగుచుండును. ఈ కుటుంబమునకు చెందిన జాతులు ప్రపంచమున 6,000 కు పైగా ఇంతవరకు గుర్తింపబడినవి. అంటార్కిటికా ఖండమున తప్ప తక్కిన ఖండములన్నిటను ఇవి ఉన్నవి. బ్రిటను వంటి చిన్న ద్వీపములోనే 280 కి పైగా జాతులు కలవు.

ఇన్ని జాతులు ఉన్నప్పుడు, వానిలో అనేకములు ఒకదానిని ఒకటి అచ్చుగుద్దినట్లు పోలియుండుటలో ఆశ్చర్యము లేదు. అట్టి వానిని ఎట్లు గుర్తింతురు, ఎట్లు వర్ణింతురు, అవి ఏ ఏ తావులలో నివసించును, ఆ భేదములు తెలిసికొనుటవలన లోకమునకు కలుగు మేలేమి అను నాలుగు మాటలు నేడు మనవి చేయదలచితిని. నేను శాస్త్రజ్ఞుడను కాను. శాస్త్రజ్ఞుల మాటను ఇంటింటికి చేరవేయు ఉద్యోగమున ఉన్నవాడను. రేడియోలో బొమ్మ చూపుటకు వీలు లేదు; ఈగను మాటలతోనే చూపవలెను. అయితే ఈ శాస్త్రమున పని చేసినవారు కూడ రెండున్నర శతాబ్దములుగా ముఖ్యముగా చేయుచున్నది అదియే. ఒక జాతిని చూడని మనిషికి, అది ఎదుటపడినప్పుడు ఇదే అది అని తెలియునట్లు మాటలలో చెప్పుటయే జాతివర్ణనము.

మొదట కుటుంబమును గుర్తుపట్టుట నేర్వవలెను. తేనెటీగకును, కందిరీగకును నాలుగు రెక్కలు, ఈగకు రెండే. ఈగకు వెనుక రెక్కల స్థానమున రెండు చిన్న గుబ్బల వంటి అవయవములు ఉండును. ఎగురునప్పుడు తూకము తప్పకుండ కాపాడునవి అవియే. సిర్ఫిడ్ ఈగ రెక్కను భూతద్దము క్రింద చూచినచో నడుమ ఒక గీత కనబడును. తక్కిన ఈనెలు ఒకదానితో ఒకటి కలిసి వలవలె అల్లుకొనగా, ఈ గీత మాత్రము ఎక్కడనో మొదలిడి, దేనితోను కలియక, ఎక్కడనో మాయమగును. అది నిజమైన ఈనె కాదు. రెక్క పొరలోని మడత వంటిది. దీనిని శాస్త్రజ్ఞులు దొంగ ఈనె అను అర్థము గల లాటిను పేరుతో పిలుతురు. ఆ దొంగ ఈనెయే ఈ కుటుంబమునకు ఇంటిగుర్తు.

ఈ మాత్రము పరీక్ష చేయకపోవుటచేత మానవులు ఎంత దూరము పోయిరో చెప్పు కథ యొకటి ఉన్నది. క్రీస్తు పూర్వము 1వ శతాబ్దిలో రోము మహాకవి వర్జిలు తన జార్జిక్సు అను వ్యవసాయ కావ్యము నాలుగవ భాగమున తేనెటీగలను పుట్టించు విధానమొకటి చెప్పినాడు. ఒక కోడెదూడను చంపి, ఒక చిన్న కొట్టములో ఉంచి, కొన్నాళ్ళు విడిచిపెట్టినచో ఆ కళేబరమునుండి తేనెటీగలు గుంపులుగా వెలువడునట. ఇది ఆయన ఒక్కనికే ఉన్న నమ్మకము కాదు. గ్రీకులు నమ్మిరి, రోమనులు నమ్మిరి, వారి తరువాత యూరపు ఖండమున ఎన్నో తరములవారు నమ్మిరి. నమ్మినవారు అబద్ధమాడలేదు. కుళ్ళిన కళేబరమునుండి తేనెటీగ వంటి పురుగులు వెలువడుట వారు కన్నులార చూచియే యుందురు.

ఈ చిక్కును 1894లో విప్పి చెప్పినవాడు ఆస్టెన్ సాకెన్. ఆయన రష్యా ప్రభుత్వపు దౌత్య ఉద్యోగి. అమెరికాలో చాల కాలము పనిచేసెను. ఈగలయందు మాత్రము ఆయనకు ప్రాణము. ఆ కళేబరములనుండి వచ్చినవి తేనెటీగలు కావు, ఎరిస్టాలిస్ టెనాక్స్ అను సిర్ఫిడ్ ఈగలు అని ఆయన నిరూపించెను. ఈ ఈగ రంగున, రూపున, పరిమాణమున తేనెటీగను పోలియుండును. దీని పిల్లపురుగు మురికినీటిలోను, కుళ్ళిన ద్రవములలోను పెరుగును. ఊపిరి పీల్చుటకు దానికి వెనుక ఒక గొట్టము ఉండును. నీటి లోతును బట్టి ఆ గొట్టము దూరదర్శిని వలె సాగును, ముడుచుకొనును. చూచుటకు ఎలుకతోక వలె ఉండును. రెక్కలు రెండా, నాలుగా అని లెక్కపెట్టియుండిన ఒక్క క్షణములో తేలిపోయెడి విషయము దాదాపు రెండు వేల సంవత్సరములు తేలకుండ ఉండెను. ఆ కళేబరములనుండి ఎవరికిని ఒక చుక్క తేనె దొరికి యుండదు. ఎన్ని కోడెదూడలు ఈ పొరపాటునకు బలియైనవో ఎవరు చెప్పగలరు?

ఇది ఈగకును తేనెటీగకును గల భేదము. తెలిసిన తరువాత సులభము. ఇక ఈగకును ఈగకును గల భేదమునకు వత్తము. దానికి ముందు పేర్లను గురించి ఒక మాట. 1758లో లినేయసు తన గ్రంథముయొక్క పదవ ముద్రణమున జంతువులన్నిటికి రెండు మాటల పేర్లు పెట్టెను. మొదటి మాట ప్రజాతి, రెండవది జాతి. ఇతర దేశములవారికి ఈ పద్ధతి వింతగా తోచవచ్చును గాని, తెలుగువారికి తోచదు. మన ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. లినేయసు పద్ధతియు అదియే. సిర్ఫస్ అనునది ఇంటిపేరు. ఆ ఇంటిలో అన్నదమ్ములవంటి జాతులు పలువురు.

ఆ సిర్ఫస్ ఇంటిలో ముగ్గురిని తీసికొందము. ఇంగ్లండులోని పెరటి తోటలలో ఈ మూడును తరచుగా కనబడును. మొదటిది సిర్ఫస్ రిబేసియై. లినేయసు 1758లోనే వర్ణించినది. రెండవది సిర్ఫస్ విట్రిపెన్నిస్. 1822లో మైగెన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వర్ణించినది. మూడవది సిర్ఫస్ టార్వస్. దీనిని 1875లో వర్ణించినవాడు ఇంతకుముందు చెప్పిన ఆస్టెన్ సాకెనే. మూడును సుమారు సెంటీమీటరు పొడవు. మూడింటికిని ఉరము కంచువలె మెరయును. మూడింటికిని నల్లని పొట్ట మీద పసుపు పట్టెలు. పక్కపక్కన పెట్టి చూచినను, భూతద్దము లేనివారికి ఒకే ఈగ మూడుమారులు కూర్చున్నట్లే ఉండును.

భేదము ఎక్కడ ఉన్నది? మొదట కన్నులు చూడవలెను. టార్వస్ కన్నుల మీద సన్నని నూగు ఉండును. మగ ఈగలో ఇది బాగుగా కనబడును. ఆడ ఈగలో పలుచగా ఉండును గనుక ప్రక్కనుండి వెలుతురు పడునట్లు పట్టుకొని చూడవలెను. తక్కిన రెండింటి కన్నులు నున్నన. ఇక ఆ రెండింటిని వేరుచేయుటకు ఆడ ఈగల వెనుక కాలి తొడ చూడవలెను. తొడ ఇంచుమించు మొత్తము పసుపుగా ఉన్నచో రిబేసియై. పైనుండి చాల భాగము నల్లగా ఉన్నచో విట్రిపెన్నిస్. మగవానికి ఈ పరీక్ష పనికిరాదు. రెండు జాతుల మగవానికిని తొడ నల్లనే. అప్పుడు రెక్క చూడవలెను. రెక్క మొదట నున్న ఒక గడిలో కంటికి కనబడనంత చిన్న రోమములు ఉండును. గడి అంతట ఉన్నచో రిబేసియై. గడిలో కొంతభాగము బట్టతలవలె ఉన్నచో విట్రిపెన్నిస్. ఇంత సూక్ష్మము!

ఇది పండితుల చాదస్తము కాదా యని కొందరు అడుగవచ్చును. మన రైతు గుప్పెడు ధాన్యము చేతిలో పోసికొని, ఇవి మొలగొలుకులు, ఇవి అక్కుళ్ళు అని వేరుచేయుట చాదస్తమగునా? పట్టణవాసికి రెండును వడ్లే. రైతునకు మాత్రము ఆ భేదములో నేల ఉన్నది, నీరు ఉన్నది, పంట ఎన్నాళ్ళకు వచ్చును అను లెక్క ఉన్నది. ఈగలయందును అంతే. రిబేసియై తోటలలో, కంచెల వెంట, అడవి దారుల ప్రక్క, ఎక్కడ బడిన అక్కడ కనబడును. టార్వస్‌కు అడవి అంచు మీద మక్కువ ఎక్కువ. తొడ రంగు, కంటి నూగు మనకు గుర్తులు మాత్రమే. ఆ గుర్తుల వెనుక ఒక్కొక్క ఈగకు ఒక్కొక్క జీవితము ఉన్నది. ఆ జీవితమును చదువుటకు పేరు తలుపువంటిది.

ఈ మాటకు ఇంకను స్పష్టమైన నిదర్శనము బ్రాకియోపా అను ప్రజాతిలో ఉన్నది. బ్రిటనులో వీనివి నాలుగు జాతులు కలవు. ఇవి కందిరీగ వేషము వేయవు. బూడిదరంగు ఉరము, ఇటుకరంగు పొట్ట. చూచుటకు మామూలు ఈగలే. ఈ నాలుగింటిని వేరుచేయు ముఖ్యమైన గుర్తు స్పర్శశృంగము మీద, అనగా తల ముందు ఉండు చిన్న మీసము మీద, ఉన్నది. ఆ మీసముయొక్క మూడవ కణుపు లోపలి ప్రక్కన ఒక జాతికి చిక్కుడుగింజ ఆకారమున పెద్ద గుంట ఉండును. రెండు జాతులకు చిన్న గుంట ఉండును. వానిని రోమములను బట్టి, ఒంటి మీది పొడిని బట్టి వేరుచేయుదురు. నాలుగవదానికి గుంటయే ఉండదు. గుంట లేని ఆ జాతికి 1939లో కాలిన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఇన్సెన్సిలిస్ అని పేరు పెట్టెను. ఆ గుంట వాసనలను పసిగట్టు ఇంద్రియస్థానము గనుక, అది లేనిది అను భావమును ఆ పేరు సూచించును.

ఈ నాలుగు జాతుల పిల్లపురుగులును చెట్లను ఆశ్రయించి బ్రతుకును గాని, అన్నిటి తావు ఒకటి కాదు. మాను మీద గాయమైన చోట రసము ఊరి కారుచుండును. మన వేపచెట్టు మీదను, తుమ్మచెట్టు మీదను బంక కారుట చూచియుందుము. అట్టి రసపు ధారలలో కొన్ని పెరుగును. ఇన్సెన్సిలిస్ పిల్లపురుగులు ఎల్మ్ చెట్ల మీదను, హార్సు చెస్ట్‌నట్ చెట్ల మీదను కారు రసములో దొరకును. మరియొక జాతి, పైలోసా అనునది, పడిపోయిన మానుల బెరడు క్రింద ఉండును. తోటమాలి దృష్టిలో రసము కారు చెట్టు జబ్బు చెట్టు; పడిన మాను వంటచెరకు. నాలుగు జాతులను ఒకే జాతియని వ్రాసికొన్నచో, ఒక తోటలో రసము కారు చెట్లన్నియు నరికివేసినను, ఈ ఈగ ఇంకను ఉన్నదిగదా యని నిశ్చింతగా ఉండవచ్చును. కాని ఉన్నది వేరొకటి, పోయినది వేరొకటి. పేరు తప్పుగా వ్రాసికొన్నవానికి పోయిన సంగతియే తెలియదు.

తావు తెలిసికొనుటవలన ఒక జాతి బ్రతికిన వృత్తాంతమును వినుడు. స్కాట్లండులో బ్లీరా ఫాలాక్స్ అను సిర్ఫిడ్ ఈగ ఉన్నది. నల్లని ఒడలు, చివర ఎర్రని పొట్ట. ఒకప్పుడు అక్కడి పైను అడవులలో పలుచోట్ల ఉండెడిది. క్రమముగా తగ్గి, కేవలము అడవిముక్కలకు పరిమితమై, అంతరించు స్థితికి వచ్చెను. పెద్ద యీగలను వెదకుటవలన లాభము లేకపోయెను. అవి అరుదుగా కనబడును. దాని పిల్లపురుగు ఎక్కడ పెరుగునో కనుగొన్న తరువాత మార్గము తెరచుకొనెను. ముసలి పైను మొదళ్ళు ఒక విధమైన శిలీంధ్రమువలన లోపల కుళ్ళి తొర్రపడును. ఆ తొర్రలో నిలిచిన వాననీటిలో, కుళ్ళిన చెక్కపొట్టు నడుమ, ఆ పురుగు పెరుగును. నేటి అడవులలో చెట్లను ముసలివి కానీయక కొట్టుచుండుటచేత అట్టి మొదళ్ళు కరవయ్యెను. అప్పుడు శాస్త్రజ్ఞులు కొట్టిన మొదళ్ళలో గుంటలు తొలిచి, చెక్కపొట్టు నింపి, నీరు నిలుచునట్లు చేసిరి. ఈగలు వచ్చి గ్రుడ్లు పెట్టెను. తరువాత బందీగా పెంచి, అడవులలో మరల విడిచిపెట్టుచున్నారు. గుంట తొలుచుటకు ఖర్చు తక్కువ. ఎక్కడ తొలువవలెనో తెలియుటకు పట్టిన కాలము ఎక్కువ.

అన్ని జంటలను వేరుచేయగలమని శాస్త్రజ్ఞులు గొప్పలు చెప్పుకొనరు. పారాగస్ అను చిన్న ఈగలలో హీమొర్రస్, టిబియాలిస్ అను రెండు జాతులు కలవు. అయిదారు మిల్లీమీటర్ల నల్లని ఈగలు. బ్రిటనులో మొదటిది ఎండ తగులు దారుల ప్రక్కన పలుచోట్ల ఉండును. రెండవది దక్షిణపు పొదనేలలలో అరుదుగా దొరకును. మగ ఈగల పొట్ట చివర నున్న అవయవములను సూక్ష్మదర్శిని క్రింద చూచి మాత్రమే రెండింటిని వేరుచేయుదురు. ఆడ ఈగలను వేరుచేయు గుర్తు లేదు. ఆడది దొరకినప్పుడు మంచి పరిశీలకుడు ఈ రెండింటిలో ఒకటి అని మాత్రమే వ్రాసి, కలము క్రింద పెట్టును. అరుదైన జాతి పేరు వ్రాసిన కీర్తి వచ్చును గదా యను ఆశకు లొంగడు. ఒక వర్ణన ఎంతవరకు చెల్లునో అంతవరకే పోవుట ఈ విద్యలో మొదటి నియమము. ఈ శతాబ్దమున, 2003 నుండి, జీవకణములలోని డి. ఎన్. ఏ. ముక్కను చదివి జాతిని గుర్తించు పద్ధతియు ప్రచారములోకి వచ్చినది. అది గొప్ప సహాయము. అయినను అతి సన్నిహితములైన కొన్ని జంటలను అదియును వేరుచేయలేకున్నది. కాబట్టి భూతద్దమునకు ఇంకను పని తీరలేదు.

ఇక మన దేశమునకు వత్తము. భారతదేశపు సిర్ఫిడ్ ఈగలను మొదట ఒక గ్రంథముగా కూర్చినవాడు బ్రునెట్టి. ఆయన వృత్తిచేత సంగీతవిద్వాంసుడు. కలకత్తాలో నివసించుచు, వాద్యమునకు ఇచ్చిన చెవి వంటి సూక్ష్మమైన కన్నును ఈగలకు ఇచ్చెను. బ్రిటిషు ఇండియా జంతుజాల గ్రంథమాలలో ఆయన రచించిన సంపుటము 1923లో వెలువడెను. శతాబ్దము గడచినను ఈ దేశములో ఈగల పరిశోధన చేయువారు నేటికిని ఆ పుస్తకమును విప్పుచునే యున్నారు.

మన చేలలో తరచుగా కనబడు జాతులలో ఒకటి ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్. 1805లో ఫాబ్రీషియసు పేరు పెట్టిన జాతి ఇది. పాత వ్యవసాయ గ్రంథములలో ఇది క్సాంథొగ్రామా అను ఇంటిపేరుతో కనబడును. దత్తు పోయిన బిడ్డవలె ఇంటిపేరు మారినది గాని, ఈగ అదియే. ఉరము నిగనిగలాడు నలుపు. దాని రెండు ప్రక్కల పసుపు అంచు. ఉరము వెనుక డాలు వంటి చిన్న పలక పసుపు. పొట్ట మీద మొదట ఒక జత పసుపు మచ్చలు, వాని వెనుక వంపు తిరిగిన పసుపు పట్టెలు. మగ ఈగ వెనుక కాలి మొదట ఒక ముల్లువంటి కొమ్ము ఉండును. ఇస్కియోడాన్ అను మాటకు తుంటిపన్ను అని అర్థము. దీనికి ఈజిప్షియస్ అను దాయాది యొకటి ఆఫ్రికాలో ఉన్నది. రెండింటికిని పోలిక ఎక్కువే గాని, ఆ దాయాది రాజ్యము ఆ ఖండము, మనదాని రాజ్యము ఆసియా.

దీనితోపాటు పేనుబంక పట్టిన చేలలో కనబడు మరియొకటి ఎపిసిర్ఫస్ బాల్టియేటస్. 1776లో ద గీర్ వర్ణించినది. దీనిని గుర్తించుట సులభము. సన్నని నారింజరంగు పొట్ట మీద, మూడవ నాలుగవ కణుపులలో ఒక్కొక్కదానికి రెండేసి నల్ల పట్టెలు, ఒకటి వెడల్పు, ఒకటి మీసమువలె సన్నము. ఉత్తర భారతమునందును, కొండ ప్రాంతములందును ఇది విరివిగా ఉండును. ఇది గొప్ప యాత్రికురాలు. దక్షిణ ఇంగ్లండు మీదుగా పోవు ఇట్టి సిర్ఫిడ్ ఈగలను 2000 మొదలు 2009 వరకు రాడారులతో లెక్కించి, ఏటేట 400 కోట్ల వరకు వచ్చిపోవుచున్నవని 2019లో ప్రకటించిరి.

ఇప్పుడు అసలైన మాట. పైన చెప్పిన భేదములన్నియు రెక్కలు వచ్చిన ఈగలవి. రైతునకు ఎదురగునది ఈగ కాదు, దాని పిల్లపురుగు. ఆవ చేనిలోను, కుసుమ చేనిలోను, చిక్కుడు పాదు మీదను, అలసంద తీగె మీదను పేనుబంక పట్టును. లేత కొమ్మకు పేనులు గుమికూడి రసము పీల్చుచుండును. ఆకులు ముడుచుకొనును, బంకకు మసి పట్టును. సరిగా ఆ గుంపుల నడుమనే తల్లి యీగ బియ్యపు నూకవంటి తెల్లని గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెట్టిపోవును. గ్రుడ్డునుండి వచ్చిన పిల్లపురుగునకు కన్నులు లేవు, కాళ్ళు లేవు. ముందు భాగము సన్నము, వెనుక భాగము లావు. చిన్న జలగవలె ఉండును. తలను అటు ఇటు ఊపుచు, తగిలిన పేనును నోటి కొంకితో పట్టి, గాలిలోనికి ఎత్తి, లోపలి రసమంతయు పీల్చి, ఒట్టి తొక్కను పారవేయును. ఒక్కొక్క పిల్లపురుగు తన పెరుగుదలలో కొన్ని వందల పేనులను ఈ విధముగా తినివేయును.

ఇస్కియోడాన్ పిల్లపురుగు ఆకుపచ్చగా ఉండి, వీపు మీద తెల్లని చార కలిగి యుండును. ఇక్కడనే ప్రమాదము. ముడుచుకొన్న ఆకును విప్పి చూచిన రైతునకు పేనులు కన్నుకు ఆనకపోవచ్చును. ఆకుపచ్చని పురుగు మాత్రము వెంటనే కనబడును. ఆకు పాడైనది, పురుగు ఉన్నది, కాబట్టి ఈ పురుగే పాడుచేసినది అని ఆయన తీర్మానించును. కళేబరము చూచి తేనెటీగ పుట్టిల్లు అనుకొన్న ప్రాచీనుల తర్కమునకును, దీనికిని భేదమేమి? చేతికి దొరకినవానిని నలిపివేయును. తక్కినవానికి మందు చల్లును. మందుతో పేనులతోపాటు వానిని తినెడి పురుగులును చచ్చును. పేనులు కొద్దిదినములలోనే మరల సంతతి వృద్ధిచేసికొనును. ఈగకు అంత వేగము లేదు. ఇల్లు కాచు కుక్కను కొట్టి దొంగకు తలుపు తీసినట్లగును.

గుర్తుపట్టుట కష్టము కాదు. ఆకును తినెడి గొంగళిపురుగునకు స్పష్టమైన తల ఉండును, కాళ్ళుండును. అది ఉన్న ఆకునకు కొరికిన అంచులో, చిల్లులో ఉండును. సిర్ఫిడ్ పిల్లపురుగునకు తల కనబడదు, కాళ్ళు లేవు. ఆకునకు చిల్లు లేదు. చుట్టును పేనులు, ఎండిన పేను తొక్కలు ఉండును. ఎదిగిన తరువాత అది ఆకునకు అంటుకొని నీటిబొట్టు ఆకారమున గట్టి కోశముగా మారును. దానిని గిల్లి పారవేయరాదు. లోపల రేపటి ఈగ ఉన్నది. ఇవియు, అక్షింతల పురుగులును పేనుబంక నడుమ విరివిగా కనబడినప్పుడు, మందు చల్లుటకు ముందు మీ ప్రాంతపు వ్యవసాయాధికారిని ఒకసారి సంప్రదించుట లాభకరము. చేని గట్టున కొత్తిమీరయో, సోపుయో కొంచెము పూవునకు విడిచినచో పెద్ద యీగలకు మకరందమును, పుప్పొడియు దొరకును. అవి అక్కడనే మసలి గ్రుడ్లు పెట్టును.

ఈగలన్నియు ఒక్కటే యను లోకమునకు ఒక లెక్క చెప్పి ముగించెదను. 2022లో యూరపు ఖండపు సిర్ఫిడ్ ఈగలను సుమారు 890 జాతులను పరీక్షించి, వానిలో 37 శాతము అంతరించు ప్రమాదమున ఉన్నవని ప్రకటించిరి. ఇట్లు చెప్పగలుగుట ఎట్లు సాధ్యమయ్యెను? తొడ రంగును, కంటి నూగును, మీసపు గుంటను ఓపికతో చూచి, ఏ జాతి, ఏ తావున, ఏ దినమున అని వ్రాసిపెట్టినవారు తరతరములుగా ఉండుటవలన. బ్రిటనులో 1976 నుండి ఇందుకు ప్రత్యేకమైన నమోదు పథకము నడచుచున్నది. వ్రాయువారిలో చాలమంది పండితులు కారు. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, గృహిణులు, విద్యార్థులు.

మన చేలకును, పెరళ్ళకును అట్టి లెక్క వ్రాయువారు ఎంతమంది ఉన్నను చాలరు. రేపు ఉదయము ఒక ఈగ మీ పెరటి పూవు మీద గాలిలో నిలిచినప్పుడు, దాని పేరు తెలియకపోయినను మునిగినదేమియు లేదు. దినము వ్రాయుడు, ఏ మొక్క మీదనో వ్రాయుడు, ఎండయో నీడయో వ్రాయుడు, పొట్ట మీది పట్టెలు ఎన్ని, ఎట్టివి, తొడ ఏ రంగు అని చూచినంత మాత్రమే వ్రాయుడు. చూడనిది వ్రాయవలదు. పాఠశాలలోని ఉపాధ్యాయులు పిల్లలచేత ఈ పని చేయించినచో, ఆ పిల్లలలో కొందరైనను పెద్దవారై చేనిలో అడుగుపెట్టినప్పుడు, ఆకుపచ్చని చిన్న పురుగును నలుపుటకు చేయి చాచి, ఒక్క క్షణము ఆగి, దానికి కాళ్ళున్నవా యని చూతురు. ఆ ఒక్క క్షణము చాలును.